వినబడనివారి చరిత్ర ఏ బీరువాలో ఉంది?

(బి.ఎస్సీ. ద్వితీయ సంవత్సరం విద్యార్థి)

చెవిటివాడి ముందు శంఖం ఊదితే, "దాన్నెందుకు కొరుకుతున్నావు?" అన్నాడట. ఈ సామెత చెప్పి నవ్వని ఇల్లు మన కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల్లో ఉండదేమో. పాఠం తలకెక్కని విద్యార్థిని చూసి అధ్యాపకులు కూడా దీన్నే వాడుతుంటారు. కాని మిత్రులారా, ఒక్కసారి ఆలోచించండి. ఒక మనిషి తెల్లటి గట్టి వస్తువును నోటికి ఆనించి, బుగ్గలు ఉబ్బించి నిలబడ్డాడు. శబ్దమంటే ఏమిటో తెలియనివాడికి అది ఎట్లా కనిపిస్తుంది? కొరుకుతున్నట్టే కదా! అతడు చూసింది చూసినట్టు అడిగాడు. అది తెలివితక్కువతనం కాదు, పరిశీలన. నవ్వింది మనం. సామెత కట్టిందీ మనమే. ఆ శంఖం సంగతి అతనికి అర్థమయ్యేట్టు చెప్పినవాడు ఒక్కడైనా ఉన్నాడా అన్నది సామెతలో లేదు.

వినబడనివారి చరిత్ర అంతా ఇంచుమించు ఇట్లాగే ఉంది. వాళ్ల గురించి వినేవాళ్లు రాశారు, వినేవాళ్లు నిర్ణయించారు, వినేవాళ్లే నవ్వారు. అయినా వాళ్లకు చదువు ఎట్లా వచ్చింది, ఎవరు నేర్పారు, ఎవరు అడ్డం పడ్డారు అన్నది ఈనాడు కొంతైనా తెలుస్తోందంటే, దానికి కారణం ఎవరో కొందరు పాత కాగితాలు పారేయకుండా దాచడమే. దాచనిచోట ఆ చరిత్ర శూన్యం. మన ప్రాంతంలో అది మన కళ్ల ముందే శూన్యమైపోతున్నది. దాన్ని ఆపడం మనవల్ల అయ్యే పని, పెద్ద ఖర్చులేని పని. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్క మాటే.

సైన్సు విద్యార్థిని గనుక మొదట ఒక సంగతి స్పష్టం చేయాలి. మన ఊళ్లలో "మూగోడు" అని పిలిచే మనుషుల్లో చాలామందికి గొంతులోగాని, నాలుకలోగాని ఏ లోపమూ ఉండదు. లోపం ఉన్నది లోపలి చెవిలో. అక్కడ నత్తగుల్ల ఆకారంలో కాక్లియా ఉంటుంది. మన తెలుగు పుస్తకాల్లో దాన్ని కర్ణావర్తం అంటారు. దానిలో వేల సంఖ్యలో సన్నని రోమకణాలుంటాయి. శబ్ద తరంగాల కదలికను అవే నాడీ సంకేతాలుగా మార్చి మెదడుకు పంపుతాయి. ఆ కణాలు పుట్టుకతోనే సరిగా లేకపోయినా, జ్వరానికో మందుల వికటానికో చెడిపోయినా, మనిషిలో అవి మళ్లీ మొలవవు. పిల్లవాడు మాట వినకపోతే మాట రాదు, అంతే. తెలివికీ దీనికీ సంబంధం లేదు. కాని బుద్ధికి భాష కావాలి. పుట్టిన మొదటి కొన్నేళ్లలో ఏదో ఒక భాష, నోటిదో చేతులదో, పిల్లవానికి అందాలి. అందకపోతే ఆ తర్వాత ఎంత కష్టపడినా పూర్తిగా పట్టుబడదు. కాబట్టి చెవిటితనం వల్ల కలిగే నష్టం కన్నా, భాష ఇవ్వకుండా వదిలేయడం వల్ల కలిగే నష్టమే పెద్దది.

ఈ చదువు ప్రపంచంలో ఎక్కడ మొదలైందో తెలుసుకుంటే రైతుబిడ్డలమైన మనకు ఆశ్చర్యం కలుగుతుంది. అది పదహారవ శతాబ్దపు స్పెయిన్ దేశం. ఓన్యా అనే ఊరిలోని మఠంలో పెద్రో పోన్సే దె లియోన్ అనే సన్యాసి ఉండేవాడు. వెలాస్కో అనే గొప్ప జమీందారీ వంశంలోని చెవిటి పిల్లలకు ఆయన చదవడం, రాయడం, పలకడం నేర్పాడు. అంత పెద్ద కుటుంబం తమ బిడ్డల చదువు కోసం అంత పట్టుబట్టడానికి ఆస్తి వారసత్వపు చిక్కులు కూడా ఒక కారణమని చరిత్రకారులు చెబుతారు. అంటే చెవిటివారి చదువుకూ భూమికీ మొదటి నుంచే ముడి ఉందన్నమాట. కలవారి భూమి కోసమే ఆ చదువు మొదలైంది, పేదవాని కోసం కాదు.

పోన్సే 1584లో చనిపోయాడు. ఆయన పద్ధతి గురించి రాసుకున్నది లోకానికి దక్కలేదు. 1620లో హువాన్ పాబ్లో బోనెట్ అనే మరొకాయన మూగవారికి మాటలు నేర్పే విద్య మీద ఒక పుస్తకం అచ్చువేశాడు. దానిలో పోన్సే పేరే లేదు. కీర్తి బోనెట్‌కు దక్కింది. పద్దెనిమిదవ శతాబ్దంలో ఫెయిహో అనే పండితుడు ఓన్యా మఠపు పాత పత్రాల్ని ఆధారం చేసుకుని, మొదటి గురువు పోన్సేయే అని చాటాడు. ఆ పత్రాల్లో 1578 నాటి ఒక దస్తావేజు ఉంది. తాను ప్రభువుల బిడ్డలైన చెవిటి మూగ పిల్లలకు చదువు చెప్పానని పోన్సే స్వయంగా దానిలో చెప్పుకున్నాడు. ఇక ఆయన బోధనను గురించిన రాతప్రతి కాగితం ఒకటి మాడ్రిడ్‌లోని చారిత్రక పత్ర భాండాగారంలో 1986లో బయటపడింది. మనిషి పోయిన 400 ఏళ్లకు! ఆ కాగితాన్ని ఎవరో చెత్త అనుకుని ఉంటే?

మన దేశం సంగతి చూద్దాం. పుట్టు గుడ్డివానికి, చెవిటివానికి, మూగవానికి తండ్రి ఆస్తిలో భాగం లేదని, కూడూ గుడ్డా ఇచ్చి పోషిస్తే చాలునని మనుస్మృతి చెప్పింది. ఆ కట్టుబాటు వందల ఏళ్లు నడిచింది. బ్రిటిష్ ఇండియాలో 1928లో చట్టం చేసి ఆ అడ్డు తొలగించారు. అప్పుడు మన కామారెడ్డి, ఎల్లారెడ్డి నిజాం రాజ్యంలో ఉన్నాయి. స్వతంత్రం వచ్చాక 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 28వ సెక్షన్ దేశమంతటికీ స్పష్టం చేసింది. రోగమున్నదనో అంగలోపమున్నదనో ఎవరికీ వారసత్వం కాదనరాదని. కాగితం మీద న్యాయం జరిగింది. కాని ఆ కాగితం చదవడానికి చదువేది?

మా ఇంటి సంగతే చెబుతాను. మాది పోచారం కాలువ కింద వ్యవసాయం. మా నాయిన తమ్ముడు, అంటే మా చిన్నాయిన, పుట్టు చెవిటి. తాతయ్య పోయిన తర్వాత భాగపంపకాలు జరిగినయి. చిన్నాయినకు అందరితో సమానంగానే భూమి వచ్చింది, మోసం ఏమీ లేదు. కాని కాగితం మీద ఆయన బొటనవేలు పట్టి ముద్ర వేయించిండ్రు. ఏ చెల్క వచ్చింది, ఏ మడి పోయింది, బాయికాడి వాటా ఎంత అని ఆయన్ను ఒక్కరూ అడగలేదు. అడగాలన్న బుద్ధి లేక కాదు, అడిగే భాష లేక. పాస్‌బుక్ ఇప్పటికీ మా నాయిన పెట్టెలోనే ఉంటది. "మంచిగనే చూస్కుంటున్నం గదా" అంటది మా అవ్వ. నిజమే. కూడూ గుడ్డా లోటు లేదు. మనుస్మృతి కూడా అదే కదా చెప్పింది! హక్కు చట్టంలో మారింది, ఇంట్లో మారలేదు.

అట్లాగని మా చిన్నాయినకు ఏమీ తెలియదనుకుంటే పొరపాటు. బోరు నడుస్తున్నదా లేదా అని చీకట్లో పైపు మీద చెయ్యి పెట్టి చెప్తడు. నీళ్లు పోస్తున్నదా, గాలి తన్నుతున్నదా అన్నది కూడా ఆ అదురును బట్టే పట్టేస్తడు. ఆయనకు తనవే సైగలున్నయి. కాలువకు నీళ్లు వదిలితే అరచెయ్యి బోర్లించి మెల్లగ ముందుకు జరుపుతడు. బ్యాంకు అంటే బొటనవేలితో అరచేతిని రుద్దుతడు. రెవెన్యూ ఆఫీసోళ్లు ఎవరొచ్చినా చెవి మీద కలం పెట్టుకున్నట్టు చూపిస్తడు. ఈ చెవి మీది కలం ఏందని అడిగితే అవ్వ చెప్పింది, ఆయన చిన్నప్పుడు మా ఊరి పట్వారీ అట్లనే కలం పెట్టుకొని తిరిగేటోడట. పటేల్, పట్వారీల వ్యవస్థ 1984లో రద్దయింది. పుస్తకాల్లో నుంచి, నోళ్లలో నుంచి కూడా పోతున్న ఆ పట్వారీ మా చిన్నాయిన చేతుల్లో ఇంకా ఉన్నడు. ఇది భాష కాదా? దీనికి చరిత్ర లేదా?

ఉన్నదని ఒప్పుకోవడానికి లోకానికి చాలా కాలం పట్టింది. పారిస్ నగరంలో 1760 ప్రాంతాల లెపే అనే మతగురువు ఇద్దరు చెవిటి అక్కచెల్లెళ్లకు చదువు చెప్పడంతో మొదలుపెట్టి, ఒక బడి నడిపాడు. ధనవంతుల బిడ్డలకే పరిమితమైన విద్యను పేదపిల్లలకు తెచ్చినవాడు ఆయన. సైగలతోనే పాఠం చెప్పాడు. అందుకు ఆయన్ను సైగల భాషకు సృష్టికర్త అన్నారు. కాని 1779లో పియెర్ దెలోజ్ అనే చెవిటివాడు ఒక చిన్న పుస్తకం రాశాడు. పుస్తకాలకు అట్టలు కట్టి బతికే కూలీ మనిషి. పారిస్‌లో తనవంటి చెవిటి పనివాళ్లు ఏ గురువూ నేర్పకముందే తమలో తాము సైగలతో అన్ని విషయాలూ మాట్లాడుకుంటున్నారని ఆయన రాశాడు. ఆ చిన్న పుస్తకం మిగలకపోతే, చెవిటివారికి భాష దానమిచ్చింది వినేవారేనని మనం ఈనాటికీ నమ్మేవాళ్లం. గురువు కాగితాలు ఎంత ముఖ్యమో శిష్యుని కాగితాలు అంతకన్నా ముఖ్యమని దీన్నిబట్టి తెలుస్తుంది.

పారిస్ బడిలో చదివి అక్కడే ఉపాధ్యాయుడైన లోరాన్ క్లెర్క్ అనే చెవిటివాడు 1816లో థామస్ గాలొడెట్ వెంట ఓడెక్కి అమెరికా వెళ్లాడు. ప్రయాణం 52 రోజులు. ఓడలో క్లెర్క్ గాలొడెట్‌కు సైగలు నేర్పాడు, గాలొడెట్ క్లెర్క్‌కు ఇంగ్లీషు నేర్పాడు. ఇద్దరూ గురువులే, ఇద్దరూ శిష్యులే. 1817లో హార్ట్‌ఫర్డ్‌లో బడి తెరిచారు. ఆ ప్రయాణంలో క్లెర్క్ రాసుకున్న డైరీ నిలిచింది. ఆయన కాగితాలు యేల్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి.

ఇక ఈ చరిత్రలో చీకటి ఘట్టానికి వద్దాం. 1880 సెప్టెంబరులో ఇటలీలోని మిలాన్ నగరంలో చెవిటివారి ఉపాధ్యాయుల మహాసభ జరిగింది. సైగలు పనికిరావు, నోటిమాటే నేర్పాలి, పెదవుల కదలిక చూసి అర్థం చేసుకోవడమే నేర్పాలి అని తీర్మానం చేశారు. వచ్చిన 164 మంది ప్రతినిధుల్లో చెవిటివాడు ఒకే ఒక్కడు! ఎవరి చదువు గురించి తీర్మానమో వారిని అడగకుండానే తీర్మానం. దాని ఫలితంగా దేశదేశాల్లో చెవిటి ఉపాధ్యాయులు ఉద్యోగాలు కోల్పోయారు. సైగ చేసిన పిల్లలు దెబ్బలు తిన్నారు. టెలిఫోన్ కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ గారు కూడా ఆ పక్షమే. ఆయన తల్లికి వినపడదు, భార్యకు వినపడదు, తాను చెవిటి పిల్లల ఉపాధ్యాయుడు. అంత గొప్ప శాస్త్రజ్ఞుడు, ప్రేమగల మనిషి. అయినా సైగల భాషను వ్యతిరేకించాడు. ఆయన ఉత్తరాలు, నోటు పుస్తకాలు వాషింగ్టన్‌లోని కాంగ్రెస్ గ్రంథాలయంలో ఉన్నాయి. ఆయన మంచితనమూ, ఆయన పట్టుదల వల్ల జరిగిన నష్టమూ రెండూ ఆ కాగితాల్లోనే దొరుకుతాయి. కాగితాలు దాచడమంటే పూజ చేయడానికి కాదు, లెక్క అడగడానికి.

మన దేశంలో మొదటి చెవిటి బడులు ఎప్పుడు వచ్చాయో చూడండి. బొంబాయిలో 1885లో, కలకత్తాలో 1893లో, తమిళదేశపు పాలయంకోట్టైలో 1890ల చివర. అన్నీ మిలాన్ తీర్మానం తర్వాతవే. పైరు మొలవకముందే తెగులు తగిలినట్టయింది. కలకత్తా బడి స్థాపకుల్లో ఒకరైన జామినీనాథ్ బెనర్జీ ఇంగ్లండు, అమెరికాలకు వెళ్లి శిక్షణ పొంది వచ్చారు. పాలయంకోట్టైలో మిస్ ఫ్లారెన్స్ స్వైన్సన్ పని చేశారు. నివేదికల పుణ్యాన వీరి పేర్లు మిగిలాయి. కాని వారి ముందు బెంచీల మీద కూర్చున్న పిల్లలేమనుకున్నారు? వారు ఇంటికి పోయి తల్లితో ఎట్లా మాట్లాడారు? మనకు ఒక దెలోజ్ కావలసింది అక్కడ.

ఇక్కడ కొందరు మిత్రులు ఒక మాట అంటారు. "ఇప్పుడు కాక్లియర్ ఇంప్లాంట్ వచ్చింది, ఆరోగ్యశ్రీలో చిన్నపిల్లలకు ఆపరేషన్ చేస్తున్నారు, సెల్‌ఫోన్లో వీడియో కాల్ వచ్చింది. ఇంకా పాత కాగితాలెందుకు?" నేను ఆ విజ్ఞానానికి వ్యతిరేకిని కాను. నా చదువే అది. పుట్టిన కొద్ది రోజుల్లోనే చెవి పరీక్ష చేసే యంత్రాలున్నాయి, అవి ప్రతి తాలూకా ఆసుపత్రిలోనూ వాడాలి. చిన్న వయసులో ఇంప్లాంట్ వేసి, ఏళ్ల తరబడి మాట శిక్షణ ఇస్తే చాలామంది పిల్లలు మాట్లాడతారు. కాని ఆపరేషన్ తర్వాత శిక్షణ కోసం నెలనెలా హైదరాబాదు పోవాలంటే నాట్ల కాలంలో, కోతల కాలంలో మన రైతు కూలీ కుటుంబం పోగలదా? పోలేని పిల్లవానికి ఏ భాష మిగులుతుంది? "కొత్త పద్ధతి వచ్చింది, ఇక సైగలు అక్కర్లేదు" అన్న మాట కొత్తది కాదు. అది 1880 నాటి మాట. ఆ తీర్మానాలు తప్పని ఒప్పుకుని, జరిగిన హానికి విచారం ప్రకటించడానికి ఆ మహాసభల వారసులకు 130 ఏళ్లు పట్టింది. 2010లో కెనడాలోని వాంకూవర్ సభలో ఆ పని చేశారు. పాత కాగితం చదవనివాడు పాత తప్పునే కొత్త యంత్రంతో చేస్తాడు.

అమెరికాలో 1960లో విలియం స్టోకో, సైగల భాషకు కూడా నోటి భాషలకున్నట్టే నిర్మాణం ఉందని నిరూపించాడు. మన దేశంలో ఆ పనికి తోడ్పడినవారిలో మదన్ వశిష్ఠ గారిని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. హిమాచల్ ప్రాంతపు పల్లెటూరి రైతుబిడ్డ. పదకొండేళ్ల వయసులో జబ్బుచేసి వినికిడి పోయింది. పశువులు కాసినవాడు, పొలం పని చేసినవాడు 1967లో అమెరికాలోని గాలొడెట్ విద్యాసంస్థకు వెళ్లి చదివి, భారతీయ సైగల భాష మీద తొలి నిఘంటువుల తయారీలో పాలుపంచుకున్నాడు. తన కథను తానే పుస్తకంగా రాసుకున్నాడు. ఈ దారిలోనే 2015లో కేంద్రప్రభుత్వం ఢిల్లీలో భారతీయ సైగల భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం పెట్టింది. 2021 నాటికి 10,000 పదాల నిఘంటువు వచ్చింది. సంతోషం. కాని ఆ పదివేలలో చెవి మీద కలం పెట్టుకున్న మా ఊరి పట్వారీ ఉన్నాడా? పోచారం కాలువ నీళ్లున్నాయా? 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వినికిడి లోపమున్నవారు 50 లక్షల 71 వేల మంది. వారిలో మా చిన్నాయిన వంటి చదువురాని పల్లెవాసులు ఢిల్లీ దాకా పోయి తమ సైగలు నమోదు చేయించుకోలేరు. మనమే వారి దగ్గరికి పోవాలి.

మన జిల్లాకు ఈ విషయంలో ఒక మంచి పాఠం పక్కనే ఉంది. నిజామాబాదు దారిలో డిచ్‌పల్లి మనకందరికీ తెలుసు, తెలంగాణ విశ్వవిద్యాలయం ఉన్న ఊరు. అక్కడ 1915లో డాక్టర్ ఇసబెల్ కెర్ అనే స్కాట్లండు వనిత కుష్ఠురోగుల ఆసుపత్రి నెలకొల్పింది. దానికి నిజామాబాదు రాజా నర్సాగౌడ్ గారు విరాళమిచ్చారు. వందేళ్లు దాటిన ఈ కథ మనకెట్లా తెలుసు? ఆ మిషన్ వారు ఏటేటా నివేదికలు రాసి పంపారు, అవతలివాళ్లు దాచారు. వెస్లియన్ మెథడిస్ట్ మిషన్ రికార్డులు లండన్ విశ్వవిద్యాలయపు ప్రాచ్య విద్యాసంస్థలో నేటికీ ఉన్నాయి. మన జిల్లా రోగుల చరిత్ర లండన్‌లో దొరుకుతుంది, మన జిల్లా చెవిటి పిల్లల చరిత్ర మన జిల్లాలోనే దొరకదు!

ఇంకొక సంగతి. చెవిటివారి విద్య కోసం 1983లో బొంబాయిలో నెలకొన్న జాతీయ సంస్థకు అలీ యావర్ జంగ్ పేరు పెట్టారు. దాని ప్రాంతీయ కేంద్రం సికిందరాబాదులో ఉంది. ఆ అలీ యావర్ జంగ్ మన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా పనిచేసినవారే. మన పూర్వ విద్యార్థుల పట్టాల మీద ఉన్నది ఆ విశ్వవిద్యాలయం ముద్రే. మనకు ఆయన పేరు తెలుసు, ఆ సంస్థ చేసే పని తెలియదు.

మరి మన దగ్గర కాగితాలే లేవా? ఉన్నాయి. ప్రతి ప్రాథమిక పాఠశాలలోనూ ప్రవేశ రిజిస్టర్లు, హాజరు పట్టీలు ఉన్నాయి. నిజాం కాలపు బడుల రికార్డులు కొన్ని ఉర్దూలో ఉంటాయి. పోయిన ఎండాకాలం మా దగ్గరి ఒక బడిలో పాత గది కూలగొడుతుంటే రికార్డులన్నీ బయట కుప్పవేశారు. అక్కడి సారు ఒకరు డెబ్బయ్యవ దశకం నాటి రిజిస్టరు తీసి నాకు చూపించిండు. అందులో మా చిన్నాయిన పేరుంది. పద్దెనిమిది రోజులు హాజరు పడింది. ఆ తర్వాత ఎర్ర సిరాతో ఒక గీత, పక్కన "మూగ. పేరు కొట్టివేయడమైనది" అని రాసి ఉంది. పద్దెనిమిది రోజులు! ఆయన బడికి పోయిండన్న సంగతే మా ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. అవ్వ కూడా మరిచిపోయింది. ఒక మనిషి చదువు చరిత్ర మొత్తం ఆ ఒక్క గీత. ఆ కుప్పలో మిగతావన్నీ మర్నాడు పాత పేపర్లవాని బండిలో తూకానికి పోయినయి. వాటిలో ఇట్లాంటి ఎర్ర గీతలెన్ని పోయాయో ఎవరు లెక్కపెడతారు?

ఆ సిరా గీత గీసిన ఉపాధ్యాయుణ్ణి నేను నిందించడం లేదు. ఒక్క గదిలో అయిదు తరగతులు చెప్పే మనిషికి చెవిటి పిల్లవానికి ఎట్లా నేర్పాలో ఎవరు నేర్పారు? కాని ఆ గీత ఒక సాక్ష్యం. పిల్లవాడు బడికి రాలేదన్నది అబద్ధం, వచ్చాడు. బడి వాణ్ణి పంపించివేసింది. ఈ తేడా చిన్నది కాదు. సాక్ష్యం లేనప్పుడు తప్పంతా తల్లిదండ్రుల అజ్ఞానం మీదికి, పిల్లవాని రాత మీదికి పోతుంది.

కాబట్టి మన విద్యార్థి సంఘం ముందు కొన్ని సూచనలు పెడుతున్నాను. ఇవి ఆకాశానికి నిచ్చెనలు వేసే మాటలు కావు.

ఒకటి. కామారెడ్డి, ఎల్లారెడ్డి చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చే విద్యార్థులం మనం. ఎవరి ఊరి బడికి వారు పోయి, ప్రధానోపాధ్యాయుని అనుమతితో పాత రిజిస్టర్లు ఏ సంవత్సరం నుంచి ఉన్నాయో జాబితా రాయాలి. వాటిని తెచ్చుకోవద్దు, పాడుకాకుండా అక్కడే బీరువాలో పెట్టించాలి. చెడిపోతున్న పేజీలకు ఫొటోలు తీయాలి. పిల్లల పేర్లు మాత్రం బయటపెట్టకూడదు. ఉర్దూలో ఉన్నవి చదవడానికి మన ఉర్దూ శాఖ అధ్యాపకులు, ఆ రోజుల్లో ఉర్దూలో చదివిన పెద్దలు సాయం చేయాలి. ఆ తరం వెళ్లిపోతున్నది. ఇంకో పదేళ్లు ఆగితే ఆ కాగితాలున్నా చదివేవారుండరు.

రెండు. ప్రతి ఊళ్లోనూ మా చిన్నాయిన వంటివారు ఇద్దరో ముగ్గురో ఉంటారు. వారి దగ్గర కూర్చుని, వారు ఒప్పుకుంటేనే, వారి సైగల్ని వీడియో తీయాలి. విత్తనాలు, వానలు, అప్పు, పెళ్లి, చావు, వీటికి వారి చేతుల్లో ఏ మాటలున్నాయో నమోదు చేయాలి. జంతుశాస్త్రం ప్రాక్టికల్స్‌లో కప్ప ఎముకల్ని అంత జాగ్రత్తగా గీసే మనం, మన ఊరి మనిషి భాషను రాసుకోలేమా? అయితే చదువుకున్న చెవిటి యువకులే ఈ పనికి ముందుండాలి. వారు చెప్పినట్టు మనం చేయాలి. 164 మందిలో ఒక్కడన్న లెక్క మన దగ్గర మళ్లీ రాకూడదు.

మూడు. కళాశాలలో సాయంత్రం పూట సైగల భాష తరగతి పెట్టాలి. 2021లో ఆ భాషను సార్వత్రిక పాఠశాల విద్యలో ఒక భాషా సబ్జెక్టుగా గుర్తించారు. రేపు మనలో కొందరం బ్యాంకు కౌంటరు వెనక కూర్చుంటాం, కొందరం రిజిస్ట్రేషన్ ఆఫీసులో కూర్చుంటాం, కొందరం బడిపంతుళ్లమవుతాం. బొటనవేలు పట్టి ముద్ర వేయించే ముందు "ఇందులో ఇది రాసి ఉంది, నీకు సమ్మతమేనా?" అని చేతులతో అడగగలిగిన గుమస్తా ఒక్కడున్నా, 1956 నాటి చట్టం ఆ రోజు మన ఎల్లారెడ్డిలో నిజంగా అమలైనట్టు.

"ఇవన్నీ చరిత్రకారుల పనులు, తార్నాకలోని రాష్ట్ర భాండాగారం ఉంది కదా" అనవచ్చు. అక్కడ ఫర్మానాలున్నాయి, దివానీ దస్త్రాలున్నాయి. రాజులు రాయించినవి ఉన్నాయి. మన ఊరి హాజరు పట్టీని దాచుకోవలసింది మనమే. పోన్సే కాగితం ఎవరికీ పట్టకుండా 400 ఏళ్లు పడి ఉన్నా దొరికిందంటే, అది ఒక కట్టలో ఉంది కనుక. మన కాగితాలు కట్టలో లేవు, తూకానికి పోయే దారిలో ఉన్నాయి.

సెలవులకు ఊరికి పోతున్న మిత్రులారా! పండుగ, పెళ్లిళ్లు, సినిమాలు అన్నీ కానివ్వండి. వాటి మధ్య ఒక పూట మీ ఊరి బడి బీరువా తెరిపించండి. లోపల ఎలుకలు కొట్టిన పుస్తకాల అడుగున ఎవరి ఎర్ర గీత ఉందో వెతకండి. దొరికితే, ఆ మనిషి ఇంకా బతికే ఉండవచ్చు. ఆయన ఇంటికి పోయి కూర్చోండి. ఆయన చేతులు ఏమంటున్నాయో ముందు చూడండి, తర్వాత రాసుకోండి. వచ్చే సంవత్సరం ఈ సంచికలో ఆ రాతలు అచ్చు కావాలని నా కోరిక.